నేను రాసిన వాంగ్మూలాలు

"రైటరుగారూ" అని ఎవరైనా పిలిస్తే ఇప్పటికీ నా చెయ్యి పెన్ను కోసం జేబులోకి పోతుంది. సాహిత్య సభల్లో ఆ మాటకి గౌరవం ఉందని నాకు రిటైరయ్యాకే తెలిసింది. అంతకుముందు అది నా డ్యూటీ పేరు. పోలీసు స్టేషన్లో రైటరంటే గోడవారగా రేకు బల్ల ముందు కూచుని ఫిర్యాదులు, వాంగ్మూలాలు, పంచనామాలు, జనరల్ డైరీ రాసేవాడు. ముప్పై ఏళ్ళ పైచిలుకు ఉద్యోగంలో పదకొండేళ్ళు ఆ బల్ల దగ్గరే గడిచింది. ఈ పుస్తకంలో రాసిన వాళ్ళందరి రాతా కలిపినా ఆ పదకొండేళ్ళలో నేను రాసిన తెలుగు వచనమంత ఉండదు. నా రాత చదివి మనుషుల్ని జైలుకు పంపారు, ఇళ్ళకు పంపారు. ఏ కథకుడికి ఉంది అంత పాఠకాదరణ?

వాడల్లో పుట్టిన మన గురించి ఎక్కువగా రాసింది కవులూ కథకులూ కాదు. పోలీసులు. మా తాతల మీద పద్యం ఒక్కటి లేదు గాని ఎఫ్.ఐ.ఆర్.లు ఉన్నాయి. పద్యానికీ గద్యానికీ లక్షణాలు చెప్పిన విమర్శకులు ఈ గద్యాన్ని ముట్టుకోలేదు. రాసినవాణ్ణి కాబట్టి దీని మీద విమర్శ నేనే రాస్తున్నాను. ఇందులో నా మీద కూడా విమర్శ ఉంటుంది. అది లేకుండా రాసేట్టయితే ఈ కాగితం దండగ.

మా నాయన ఊరి వెట్టి. ఎవరన్నా ఉరేసుకున్నా, పొలంలో పాము కరిచి పోయినా, పోలీసులు వచ్చిందాకా శవానికి కాపలా ఆయనే. రాత్రంతా కుక్కలు రాకుండా కర్ర పట్టుకుని కూచునేవాడు. తెల్లారి శవాన్ని బండి మీదేసుకుని ఆస్పత్రికి తోలుకుపోయేది ఆయనే. మా అమ్మ ఆయన్ని నీళ్ళు పోసుకోకుండా గడప తొక్కనిచ్చేది కాదు. చిన్నప్పుడు ఒకసారి సద్ది తీసుకుని వెళ్ళి శవ పంచనామా చూశాను. శవం తల ఏ దిక్కున ఉంది, కళ్ళు మూసి ఉన్నయ్యా తెరిచి ఉన్నయ్యా, ఒంటి మీద గుడ్డలేమిటి అని ఒక్కొక్కటే చెబుతుంటే హెడ్డు రాసుకుంటున్నాడు. శవాన్ని అటూ ఇటూ తిప్పి చూపించేది మా నాయన. చెప్పేది మాత్రం దూరంగా వేపచెట్టు కింద కుర్చీల్లో కూచున్న పంచాయతీదారులు. కరణం, మునసబు, ఇంకో ముగ్గురు రైతులు. రాత్రంతా శవం పక్కన ఉన్న మనిషికి అది ఎట్లా చచ్చిందో తెలిసే ఉంటుంది గదా? ఆయన్ని ఎవరూ అడగలేదు. చివర్లో సంతకాలు పెట్టమన్నప్పుడు ఆయన దూరం జరిగి నిలబడ్డాడు. 1984లో కరణాల, మునసబుల వ్యవస్థ రద్దయింది. పంచనామా కింద ఎవరి సంతకాలుండాలన్న అలవాటు మాత్రం రద్దు కాలేదు.

1985లో నేను కానిస్టేబులుగా చేరాను. ట్రైనింగులో ఉండగానే కారంచేడు జరిగింది, జులై 17న. ఆరుగురు మాదిగల్ని వెంటాడి చంపారు. ఆ గొడవకు మూలం కూడా మంచినీళ్ళ చెరువే. హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరుగా ఉన్న బొజ్జా తారకం ఆ ఉద్యోగానికి రాజీనామా చేసి బయటికి వచ్చాడు. నేను అప్పుడే యూనిఫారం ఇస్తీ చేయించుకున్నాను. మా బ్యారక్‌లో ఆ రాత్రి వార్త చదివినవాళ్ళు మమ్మల్ని చూసి మాట మార్చారు. మేం నలుగురం ఎస్సీలం కూడా మాట మార్చాం. అట్లా మొదలైంది నా నౌకరీ. తర్వాత తారకంగారు రాసిన "పోలీసులు అరెస్టు చేస్తే" కొనుక్కుని ట్రంకు పెట్టెలో బట్టల కింద దాచుకుని చదివాను. పోలీసోడు దొంగతనంగా చదవాల్సిన పుస్తకం అదొక్కటే కాబోలు.

హాస్టల్లో వార్డెను కొట్టి నేర్పిన చేతిరాత నాది, గుండ్రంగా ఉంటుంది. అది చూసి నన్ను రైటర్ని చేశారు. పాత రైటరు నాకు పని అప్పగిస్తూ ఒక మాట చెప్పాడు: "వాళ్ళు చెప్పింది రాయటం కాదబ్బాయ్, కేసుకు కావలసింది రాయాలి." ఈ ప్రక్రియకి అంతకు మించిన లక్షణ గ్రంథం లేదు.

దీని భాష చూడండి. మా కాలనీలో ఎవరూ "సదరు" అనరు. "అంతట" అనరు. "జీవించుచున్నాను" అని బతికినవాడు మా ఊళ్ళో ఒక్కడూ లేడు. కానీ మావాళ్ళు స్టేషన్ గుమ్మం దాటంగానే అందరూ ఆ భాషే మాట్లాడినట్టు కాగితంలో ఉంటుంది. "నేను కూలిపని చేసుకొని జీవించుచున్నాను. తేది ఫలానా ఉదయం సుమారు 8 గంటల సమయమున నేను మా ఇంటి వద్ద ఉండగా సదరు ముద్దాయి అచ్చటకు వచ్చి..." చేపలమ్మే ఆమె, బండి తోలే అతను, బడికి పోయే పిల్ల, ముగ్గురూ ఇదే వాక్యం. గిడుగు రామమూర్తి వాడుక భాషను బళ్ళోకి తెచ్చాడు, పత్రికల్లోకి వచ్చింది, స్టేషన్లోకి రాలేదు. అక్కడ గ్రాంథికం ఇప్పటికీ ఖాకీ వేసుకుని తిరుగుతుంది. మనిషి మాటని ఆమెకే తెలియని భాషలోకి మార్చేస్తే, రేపు కోర్టులో "ఇది నువ్వు చెప్పిందేనా" అని అడిగినప్పుడు ఆమె తెల్లమొహం వేస్తుంది. తెల్లమొహం వేసిందంటే అబద్ధం చెప్పిందని వకీలు వాదిస్తాడు.

ఇక ముగింపు వాక్యం. ప్రతి ఫిర్యాదు కింద అదే: "చదివి వినిపించగా విని, నేను చెప్పినట్లే ఉన్నదని ఒప్పుకొని వేలిముద్ర వేసినాను." ఈ వాక్యం నేను వేల సార్లు రాశాను. చదివి వినిపించింది ఎన్ని సార్లో చెప్పాలంటే సిగ్గేస్తుంది. ఏదన్నా అబద్ధం ఆడినప్పుడు మనిషి కాస్త తడబడతాడు గదా. ఈ అబద్ధం రాసేప్పుడు నా చెయ్యి ఏనాడూ తడబడలేదు. అది అబద్ధమనే అనిపించేది కాదు, ఫుల్‌స్టాప్ లాంటిది అనుకునేవాణ్ణి.

1996 ఎండాకాలంలో ఒకామె వచ్చింది. ఊరి పేరు, స్టేషన్ పేరు రాయను. మావాళ్ళే, మాదిగలు. చెవి దగ్గర రక్తం గడ్డ కట్టి ఉంది. బెంచీ మీద కూచోకుండా గోడకి ఆనుకుని కింద కూచుంది. చెప్పటం మొదలు పెట్టింది.

"నాయనా, మా చిన్నదానికి మూణ్ణాళ్ళబట్టి జొరం. మా గూడెంలో బోరు ఉప్పుకాసారం. ఆ నీళ్ళు తాపితే పిల్ల కక్కేసుకుంటంది. ఊళ్ళో కుళాయి కాడికి బోయి ఒక్క బిందె తెచ్చుకుందారని బోయినా..."

కుళాయి దగ్గర ఆసామి ఆపాడు. బిందె కాలితో తన్నాడు. ఆమె వంగి తీసుకోబోతే జుట్టు పట్టుకున్నాడు. ఏమేం తిట్టాడో ఆ మాటలన్నీ ఉన్నవున్నట్టు చెప్పింది. ఎక్కడా ఆగలేదు. అక్కడ ఎవరున్నారో కూడా చెప్పింది. టీ కొట్టాయన గ్లాసు చేతిలో పట్టుకునే నిలబడి చూశాడు. పాలకేంద్రం పిల్లోడున్నాడు. రామాలయం అరుగు మీద ఇద్దరు ముసలోళ్ళున్నారు. అందులో ఒకాయన "చాల్లేరా, ఇక వదిలెయ్" అన్నాడు కూడా.

ఆ ముసలాయన మాట ఒక్కటి చాలు. చట్టం తెలిసినవాడికి అదెంత విలువైందో తెలుస్తుంది. 1989 ఎస్.సి., ఎస్.టి. అత్యాచారాల నిరోధక చట్టంలో అప్పటి 3(1)(10) కింద, అవమానించటం పదిమందీ చూసేచోట జరిగి ఉండాలి. అరుగు మీదివాడు "చాల్లేరా" అన్నాడంటే చూశాడు, విన్నాడు. ఆమె చదువుకోలేదు గాని కేసంతా ఆ ఒక్క మాటలో తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

నేను రెండు పేజీలు రాసేసరికి ఎస్సై వచ్చి తొంగి చూశాడు. "ఏందయ్యా పురాణం రాస్తన్నావా? కొట్టాడు, తిట్టాడు. రెండు ముక్కల్లో తెముల్చు" అన్నాడు. మా ఎస్సై మరీ చెడ్డవాడేం కాదు. లంచాలకు ఎగబడేవాడు కాదు, లాకప్పులో ఎవర్నీ కొట్టించేవాడు కాదు. కానీ అప్పటికే ఆసామి తరఫు మనుషులు వరండాలో కూచుని ఉన్నారు. వాళ్ళకి టీ తెప్పించాడు. నేను ఆ రెండు పేజీలు చింపి కొత్త కాగితం తీసుకున్నాను. పిల్ల జ్వరం పోయింది. ఉప్పునీళ్ళు పోయాయి. టీ కొట్టు పోయింది. ముసలాయన పోయాడు. తిట్టిన మాటలన్నీ పోయి "కులము పేరుతో దూషించి" అనే నాలుగు పదాల కంటే తక్కువ ముక్క మిగిలింది. చదివి వినిపించగా విని అని రాసి ఆమె బొటనవేలికి సిరా పూశాను.

గంట తర్వాత కౌంటరు కేసు. ఆసామి చేతిని ఆమె కొరికిందనీ, కుళాయి పిడి దొంగిలించబోయిందనీ. దాన్ని వకీలు గుమాస్తా ఒకడు దగ్గరుండి చెప్పి రాయించాడు. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎంత దూరంలో, ఎవరు చూశారు, ఏ మాట అన్నారు, అన్నీ వరసలో ఉన్నాయి. టీ కొట్టాయన ఇందులోకి వచ్చాడు, ఆసామి సాక్షిగా. అదీ నేనే రాశాను. అదే చెయ్యి, అదే పెన్ను, పక్కపక్క నంబర్లు. ఆ రెండు ఎఫ్.ఐ.ఆర్.లు ఎదురెదురుగా పెట్టి ఎవరైనా చదివితే చాలు, తెలుగు వచనంలో ఊరికీ వాడకీ ఉన్న దూరమెంతో వేరే పాఠం చెప్పక్కర్లేదు. ఆసామి కథలో వివరం ఉంది. ఆమె కథలో సారాంశం ఉంది.

ఎస్సై చెప్పాడు కాబట్టి రాయలేదని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం ఇది: ఆ తిట్లు నా గుండ్రటి చేతిరాతలో రాయటం నా వల్ల కాలేదు. అవి మా అమ్మని అన్న మాటలు. నేను వినేలా, పొలం గట్టు మీద నిలబెట్టి అన్న మాటలు. వాటిని నా పెన్నుతో కాగితం మీద పెడితే, కార్బన్ కింద నాలుగు కాపీల్లో పడితే, స్టేషన్లో అందరూ చదివితే, అందరూ నావంక చూస్తారు. ఎస్సై "రెండు ముక్కల్లో" అన్నప్పుడు నాకు భయంతో పాటు హాయి కూడా కలిగింది. దూషించి అనే మాట ఎంత శుభ్రంగా ఉంది! ఎవరినీ ఏమీ అనని మాట. ఆమె సిగ్గుపడకుండా చెప్పింది. సిగ్గుపడింది నేను.

డీఎస్పీ విచారణకు వచ్చాడు. 1995 రూల్సు ప్రకారం ఈ కేసులు ఆ హోదా వాళ్ళే చూడాలి. ఆయన ముందు ఆమె మళ్ళీ అన్నీ చెప్పింది. ఆయన కొంతమేర రాయించాడు కూడా. 2001లో తీర్పు వచ్చింది, కొట్టేశారు. తీర్పు నకలు అర్జీ పెట్టుకుని తెప్పించుకుని చదివాను. జడ్జిగారు తప్పేమీ రాయలేదు. అదే నా ఏడుపు. మొదటి ఫిర్యాదులో ఏ మాటలతో దూషించాడో లేదు, పదిమంది సమక్షంలో జరిగినట్టు లేదు, ఆ తర్వాత చెప్పినవన్నీ ఇంప్రూవ్‌మెంట్లు అని రాశారు. సాహిత్యంలో ఇంప్రూవ్‌మెంటంటే రచన బాగుపడటం. కోర్టులో ఇంప్రూవ్‌మెంటంటే అబద్ధం. ఆమె మొదటిరోజే గోడకి ఆనుకుని చెప్పిన నిజాన్ని, అయిదేళ్ళ తర్వాత తెలివిగా అల్లిన కథ అన్నారు. అల్లింది నేను, ఖాళీలతో. కౌంటరు కేసు కూడా తర్వాత కొట్టేశారు గాని, దానికోసం ఆమె కూలి మానుకుని వాయిదాలకు తిరిగింది. కోర్టు ఆవరణలో ఒకరోజు నన్ను చూసి, "నువ్వు మనోడివేనంట గదా నాయనా" అంది. అంతే అంది.

అదే చట్టంలో 4వ సెక్షను ఉంది. ఈ చట్టం కింద చెయ్యాల్సిన పనిని కావాలని చెయ్యని ప్రభుత్వోద్యోగికి ఆరు నెల్ల నుంచి ఏడాది దాకా శిక్ష. 2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చిన సవరణలో ఆ పనులేమిటో వరసగా చెప్పారు. నోటితో చెప్పింది రాసుకున్నాక, సంతకం తీసుకునే ముందు, ఫిర్యాదిదారుకి చదివి వినిపించాలి. ఫిర్యాదు నమోదు చెయ్యాలి, నకలివ్వాలి, సాక్షుల మాట రాసుకోవాలి, ఏ కాగితమైనా సరిగ్గా తయారు చెయ్యాలి, సరిగ్గా తర్జుమా చెయ్యాలి. నేను చదివిన సాహిత్య సిద్ధాంతాలన్నిట్లో ఇదే మేలైంది. రాసేవాడి బాధ్యత ఏమిటో ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. చదివి వినిపించగా అనే నా ఫుల్‌స్టాపును ఆ చట్టం నేరం చేసింది.

కానీ ఆ సెక్షను మొదట్లోనే ఒక మినహాయింపు ఉంది. ఎస్సీ, ఎస్టీ కాని ఉద్యోగికే ఆ శిక్ష. నాకు వర్తించదు. చట్టం చేసినవాళ్ళు, మనవాడు మనవాళ్ళకి అన్యాయం చెయ్యడు అనుకున్నారో, చేసినా పైవాడి వత్తిడి మీదే చేస్తాడు అనుకున్నారో. రెండోది నిజమే. దళిత కానిస్టేబుల్ని ఉద్యోగం భయంతో బతికేవాణ్ణి చేసి, అతని చేత్తోనే కాగితం పాడు చేయించటం స్టేషన్లకి తెలుసు. కాలనీలో బందోబస్తుకి మమ్మల్నే ముందు నిలబెట్టేవాళ్ళు, "మీవాళ్ళు మీ మాట వింటారు" అని. అయినా ఆ మినహాయింపు చదివినప్పుడల్లా నన్ను ఎవరో పక్కకి నెట్టినట్టుంటుంది. కనీసం ముద్దాయిగా కూడా నన్ను లెక్కలోకి తీసుకోలేదు.

ఇదంతా ఒక చిన్న కేసు, ఒక బిందె నీళ్ళ కేసు అనొచ్చు. చుండూరు చిన్న కేసు కాదు. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపి, గోతాల్లో కుక్కి కాలవల్లో, డ్రైన్లలో పారేశారు. ఊళ్ళోకొచ్చిన పోలీసులే పారిపొమ్మంటే పొలాల్లోకి పరుగెత్తిన వాళ్ళు వాళ్ళు. జనం పట్టుబట్టి ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. చావు ఏ సమయంలో జరిగింది, ఎక్కడ జరిగింది, ఎవరు కొట్టారు, ఇవి రుజువు కాలేదంది. అదే ఏడు జులైలో సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. పరుగెత్తేవాడు గడియారం చూసుకుంటాడా? చంపినవాడు శవాన్ని చంపినచోటే ఉంచకుండా కాలవలో వేస్తే స్థలం ఎట్లా తేలుతుంది? చోటు, వేళ, చూసినవాడు: మా ప్రక్రియలో కథకి ఈ మూడే ప్రాణం. వీటిని మొదటిరోజే సరిగ్గా రాసుకునే చెయ్యి పోలీసుది. ఆ చెయ్యి చేసిన తప్పుకి చచ్చినవాడి మీద శిక్ష పడుతుంది. న్యాయమూర్తులు బల్ల మీదున్న కాగితం చదువుతారు. ఆ కాగితం పుట్టిన గది వాళ్ళ చదువులో ఉండదు.

కాగితం పుట్టే గదిని మన సాహిత్యం కూడా పెద్దగా పట్టించుకోలేదు. "కన్యాశుల్కం"లో హెడ్డు కనిస్టీబుని చూసి నవ్వుకుంటాం. గురజాడ చూసింది వకీళ్ళనీ, దొంగసాక్ష్యాలనీ. అక్కడ ముద్దాయిలూ ఫిర్యాదీలూ అంతా అగ్రహారం వాళ్ళే. "మాలపల్లి"లో సంగదాసు హత్య ఉంది, జైలు ఉంది. ఉన్నవ లక్ష్మీనారాయణ వాడలోకి నిజమైన ప్రేమతోనే వచ్చాడు. కానీ ఆ చావుని కాగితం మీద ఎట్లా మాయం చేస్తారనే పని వివరం ఆయనకి అక్కర్లేకపోయింది. రావిశాస్త్రి వేరు. ఆయన వకీలు. "ఆరు సారా కథలు" చదివినప్పుడు నాకు చెమటలు పట్టాయి, మా స్టేషన్ సంగతులన్నీ ఈయనకెవరు చెప్పారని. సారా కేసులో పట్టుకొచ్చిన ఆడమనిషి నోటి మాటని ఉన్నదున్నట్టు పెట్టగలిగిన రచయిత ఆయన. అయినా ఆయన కుర్చీ కోర్టులో ఉంది. అక్కడికి కేసు వచ్చేసరికి నాలాంటివాడు రాసిన గ్రాంథికం దస్త్రంలో కుట్టేసి ఉంటుంది.

2021లో "జై భీమ్" సినిమా వచ్చింది. 1993లో తమిళనాడులో జరిగిన లాకప్ చావు, చంద్రు అనే వకీలు పోరాడిన కేసు దానికి ఆధారం. లాకప్పులో దెబ్బలు చూపిస్తుంటే మా ఇంట్లో ఆడవాళ్ళు లేచిపోయారు. నేను లేవలేదు. నాకు గుర్తుండిపోయింది దెబ్బలు కాదు, పారిపోయారని స్టేషన్ రికార్డులో రాసే ఘట్టం. లాఠీ దెబ్బ మానుతుంది, రిజిస్టరులో రాత మానదు. సినిమా మీద నా ఫిర్యాదొకటుంది. దుర్మార్గుల్ని అంత దుర్మార్గంగా చూపిస్తే, చూసేవాడు "మేం అట్లాంటివాళ్ళం కాదు" అని తృప్తిగా ఇంటికి పోతాడు. మా ఎస్సై లాంటివాడు, నాలాంటివాడు ఆ సినిమాలో తమని తాము చూసుకోరు. న్యాయం పాడయ్యేది ఎక్కువ భాగం మామూలు మనుషుల చేతుల్లో, మామూలు రోజున, టీ తాగుతూ.

ఒకటి గమనించాను. ఫిర్యాదీ అయినప్పుడు మన కులం కాగితంలో మసకగా ఉంటుంది. ముద్దాయి అయినప్పుడు బాగా కనపడుతుంది. పేరు పక్కనే కులం, తండ్రి పేరు, పాత నేరాలు. 1871 నేరస్త జాతుల చట్టం కొన్ని కులాలకి కులాలనే దొంగలని రాసేసింది. స్టువర్టుపురం ఆ రాతలో నుంచి పుట్టిన ఊరే. 1952లో చట్టం పోయింది. పోలీసోళ్ళ నోట్లో ఊరి పేరు మాత్రం తిట్టుగా మిగిలింది. ఎక్కడ చోరీ జరిగినా ముందు జీపు ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైళ్ళలో కులాన్నిబట్టి పనులు పంచటం చెల్లదంది, ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమంది. మంచి తీర్పు. పాకీపని ఎవరిదో జైలు మాన్యువల్లో రాసుకున్న దేశం, స్వతంత్రం వచ్చిన డెబ్బై ఏడేళ్ళకి ఆ గడి కొట్టేసింది.

కులం ఉండాల్సినచోట లేకపోతే ఏమవుతుందో ఇంకో తీర్పు చెబుతుంది. మన రాష్ట్రం కేసే. చూపులేని దళిత యువతి మీద అత్యాచారం. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ముద్దాయికి యావజ్జీవం ఖాయం చేసింది. కులం, ఆడతనం, చూపు లేకపోవటం ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయని, విడదీసి చూడకూడదని ఎంతో బాగా రాసింది. రాసి, అట్రాసిటీ చట్టం కింద పడిన శిక్షని మాత్రం కొట్టేసింది, కులం కారణంగానే చేశాడని సాక్ష్యం లేదని. పాత చట్టంలో ఎస్సీ "అనే కారణంతో" చేసినట్టు రుజువు కావాలి. 2015 సవరణ దాన్ని ఎస్సీ అని "తెలిసి" చేస్తే చాలునని మార్చింది, కానీ ఈ నేరం అంతకు ముందుది. అంత అర్థమైన న్యాయమూర్తులకి కూడా దస్త్రంలో లేనిదాన్ని చదవటం కుదరలేదు. ఆ దస్త్రం రాసిన రైటరు ఎవరో నాకు తెలియదు. నాకు మాత్రం నా బల్లే కనపడింది.

2018 మార్చి 20న సుప్రీంకోర్టు, ఈ చట్టం దుర్వినియోగమవుతుందని, ముందు విచారించాకే కేసు కట్టాలని అన్నప్పుడు నేను సర్వీసులోనే ఉన్నాను. మా స్టేషన్లలో ఊపిరి పీల్చుకున్నవాళ్ళని చూశాను. ఏప్రిల్ 2న దేశమంతా బంద్ అయింది, ఎందరో చనిపోయారు. ఆగస్టులో పార్లమెంటు 18ఎ సెక్షను పెట్టి ఆ తీర్పు పనిచెయ్యకుండా చేసింది. దుర్వినియోగం అనేవాళ్ళకి కొట్టేసిన కేసులే రుజువు. "చూడండి, ఎన్ని కేసులు వీగిపోతున్నాయో, అంటే అన్నీ అబద్ధాలే గదా." నేను చింపిన రెండు పేజీలు ఆ లెక్కలో ఉన్నాయి. ఆమె కేసు కూడా "దుర్వినియోగం" ఖాతాలోనే పడి ఉంటుంది.

2024 జులై 1 నుంచి కొత్త చట్టాలొచ్చాయి. ఎఫ్.ఐ.ఆర్. 154 కాదు, ఇప్పుడు 173. ఏ స్టేషన్లో అయినా ఇవ్వొచ్చు, ఫోన్లో పంపి మూడు రోజుల్లో సంతకం పెట్టొచ్చు. సోదాలు వీడియో తియ్యాలి. స్టేషన్లలో కెమెరాలు పెట్టాలని 2020లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడు జులైలో తూర్పుగోదావరి జిల్లా సీతానగరం స్టేషన్లో దళిత యువకుడికి గుండు గీయించారు. కెమెరా వద్దని నేననను, దెబ్బలు కొంత తగ్గిస్తుంది. ఫిర్యాదు చెప్పేప్పుడు గొంతు రికార్డు చేస్తే ఇంకా మంచిది. ఆ గొంతే మొదటి వాంగ్మూలం కావాలి, రైటరు రాసింది దాని నకలు కావాలి. ఇప్పటి కుర్రాళ్ళు కంప్యూటర్లో కొడుతున్నారు. చూడబోతే పాత కేసు తెరిచి, పేర్లు మార్చి, సేవ్ చేస్తున్నారు. "సదరు" అందులోనూ ఉంది.

పోయిన చలికాలంలో ఆ ఊరు వెళ్ళాను. ఆమె ఉంది. పెద్దదైపోయింది, కంటికి ఆపరేషను చేయించుకుంది. గూడెంలో ఇప్పుడు కుళాయి ఉంది, రోజు మార్చి రోజు వస్తుందట. నన్ను గుర్తు పట్టలేదు. చెబితే పట్టింది. సంచిలోంచి ఆ ఎఫ్.ఐ.ఆర్. నకలు తీసి, "అమ్మా, ఇది ఆరోజు నీకు చదివి వినిపించలేదు" అన్నాను. చదివాను. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఆమె ఇంకా ఉందేమో అని నా మొహం చూస్తూ ఉంది.

"అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా."

"ఇది నే జెప్పింది గాదు గదయ్యా."

గడపలో ఆమె కూతురు నిలబడి వింటోంది. ఆనాడు జ్వరంతో ఉన్న పిల్ల. దానికిప్పుడు ఇద్దరు బిడ్డలు. ఆమె మంచం పట్టె మీద చెయ్యి ఆనించి, పిల్లవంక చూపించి, మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకుంది. "ఇదిగో, దీనికే. మూణ్ణాళ్ళబట్టి జొరం..."

నేను పెన్ను తీశాను. తిట్లు వచ్చినచోట ఆమె ఆగి, "రాస్తన్నావా?" అని అడిగింది.